నేలపలకల సందులు ఏల బీటలువారును?



నేటి నా ప్రసంగవిషయము మిక్కిలి అల్పమైనదిగా తోచవచ్చును. నేలమీద పరచిన పలకకును పలకకును నడుమ నుండు సందు, అది బీటవారుట, దానిని బాగుచేయు విధము: ఇంతియే నేను చెప్పబోవునది. ఇది వేదాంతము కాదు, పురాణము కాదు, కావ్యచర్చయు కాదు. అయినను ఈ సందు మూలమున ఊరూర ధనము వ్యయమగుచున్నది. మేస్త్రికిని ఇంటి యజమానునికిని తగవులు పుట్టుచున్నవి. లేచిన పలక అంచు కాలికి తగిలి ముదుసలులు పడుచున్నారు. కావున దీనినిగూర్చి కొంతసేపు ముచ్చటించుట వ్యర్థము కానేరదు.

మన తాతలనాటి ఇండ్లలో మట్టినేలలే యుండెను. వారమునకొకమారైనను ఇల్లాండ్రు వానిని పేడతో అలికెడివారు. ఆ నేలలు బీటవారలేదా యనినచో, వారినవి. కాని చిన్నబీట పెద్దది కాకమునుపే అలుకుపూత దానిని పూడ్చుచుండెను. పిదప గచ్చునేలలు వచ్చినవి. కడప, బేతంచెర్ల ప్రాంతముల నాపరాళ్ళును, తెలంగాణమున తాండూరు బండలును వచ్చినవి. నేడు యంత్రశాలలలో కాల్చి తెచ్చిన పలకలు, అనగా జనులు టైల్సు అని పిలుచునవి, పల్లెయిండ్లలోను కానవచ్చుచున్నవి. నేల మారినదిగాని, నేలకు సంరక్షణము కావలెనన్న ధర్మము మారలేదు. మట్టినేలకు అలుకుడు ఎట్టిదో, పలకనేలకు సందుల మరమ్మతు అట్టిది.

మొదట సందు ఎందులకో తెలిసికొందము. సందు అను తెలుగుమాట సంస్కృతమునందలి సంధిశబ్దమునకు వికృతి. వ్యాకరణమున రెండు వర్ణముల కూడిక సంధి; నేలమీద రెండు పలకల కూడిక సందు. పలకలను ఒకదానికొకటి ఆనించి, సందే లేకుండ పరచినచో నేల మరింత సొగసుగా నుండునుగదా యని కొందరు మేస్త్రిని ఒత్తిడిచేయుదురు. అట్లు చేయింపరాదు. దీనికి మూడు హేతువులు కలవు. ఒకటి: ఒకే పెట్టెలోని పలకలైనను కొలతలో వెండ్రుకవాసి భేదము కలిగియుండును, ఆ భేదమును సందు తనలో నిముడ్చుకొనును. రెండు: ఎండకును తేమకును పలకయు, దానిక్రింది కాంక్రీటును పెరుగుచు తగ్గుచు నుండును, ఆ కదలికకు కొంత చోటు కావలెను. మూడు: ఒక పలక పగిలినచో, ప్రక్కపలకకు హాని లేకుండ దానిని ఊడదీయుటకు వీలుండవలెను. కావున సందు లోపము కాదు, అవసరము. అది బోలుగా నుండక, తగిన ద్రవ్యముతో నిండియుండవలెను, అంతియే.

ఆ నింపుడు ద్రవ్యము గట్టిపడు మర్మము తెలియనిదే బీట మర్మము తెలియదు. మన పూర్వులు వాడినది సున్నము. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కాల్చినచో దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. మిగిలిన కాల్చిన సున్నముపై నీరు పోసినచో అది బుసబుస పొంగి, వేడి గ్రక్కి, మెత్తని తడిసున్నమగును. దానిని ఇసుకతో కలిపి పూసినపుడు, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా మరల పీల్చుకొని తిరిగి రాయి యగును. అనగా రాయి సున్నమై, సున్నము మరల రాయి యగుచున్నది. ఈ పరిణామమునకు నెలలు, ఒక్కొక్కచో సంవత్సరములు పట్టును.

సిమెంటు రీతి వేరు. 1824లో ఇంగ్లండు దేశమున లీడ్సు పట్టణమునకు చెందిన జోసెఫ్ ఆస్ప్డిన్ అను తాపీపనివాడు ఒక కృత్రిమమైన సిమెంటునకు పేటెంటు పొందెను. గట్టిపడిన పిదప అది పోర్ట్‌లాండు అనుచోట దొరకు రాతిని పోలియుండునని దానికి పోర్ట్‌లాండు సిమెంటు అని పేరిడెను. పిమ్మటివారు దానిని మెరుగుపరుపగా నేటి సిమెంటు వచ్చినది. ఇది గాలిని పీల్చి గట్టిపడునది కాదు. నీటితో కలిసి గట్టిపడునది. సిమెంటు రేణువులు నీటిని తమలో చేర్చుకొని, సన్నని స్ఫటికములుగాను జిగురుగాను మారి, ఒకదానినొకటి పెనవేసికొనును.

ఈ ఒక్కమాట పెద్దలు దయచేసి జ్ఞాపకముంచుకొనవలెను. సిమెంటు గట్టిపడుట యనగా ఎండుట కాదు. తడిబట్ట ఎండినట్లు సిమెంటు ఎండి గట్టిపడునని పలువురి నమ్మకము. నిజమునకు, ముందుగా ఎండిపోయిన సిమెంటు గట్టిపడక అరపక్వమై నిలిచిపోవును. ఉడుకుచున్న అన్నములో నీరింకిపోయినచో మెతుకు పలుకుగనే యుండునుగదా! సిమెంటు సంగతియు అట్టిదే.

ఇక బీటకు కారణములు చెప్పెదను. ఇవి రెండు తెగలు. నింపుడు ద్రవ్యమునందలి దోషములు మొదటి తెగ. దాని చుట్టునుండు వస్తువుల కదలిక రెండవ తెగ.

మొదటి తెగలో మొదటి దోషము నీరు అధికమగుట. 100 పాళ్ళ తూకముగల సిమెంటు తనలో చేర్చుకొనగల నీరు సుమారు 25 పాళ్ళు మాత్రమే. పని సుళువగుటకు కొంత అధికముగా పోయక తప్పదు. కాని పనివారు మజ్జిగవలె పలుచగా కలిపి, చీపురుతో నేలయంతట త్రోసి, సందులు నిండినవనుకొందురు. అధికమైన నీరు పిమ్మట ఆవిరియై పోవును, అది యుండిన చోట సన్నని బోలులు మిగులును, పూత కుంచించుకొనును. రెండుప్రక్కల పలకలు దానిని పట్టియుండగా నడుమ కుంచించుకొనిన పూత చీలక యేమి చేయగలదు? ఎండిన చెరువులో ఒండ్రు నెఱ్ఱెలువారుట మీరెరుగుదురు. ఇది దానికి చిన్నరూపము.

రెండవ దోషము తడి చాలకుండుట. వేసవిలో పలకలును వాని అంచులును నిప్పువలె కాలుచుండగా సందు నింపినచో, పలక అంచు పూతలోని నీటిని తత్క్షణమే పీల్చివేయును. వడగాలి మిగిలినది తీసికొనిపోవును. మొదటిదానిలో నీరు ఎక్కువైనది, రెండవదానిలో నీరు నిలువలేదు. రెండిటి ఫలమును బీటయే.

మూడవ దోషము సందు వెడల్పునకు తగని మాలు. 3 మిల్లీమీటర్లలోపు సన్నని సందునకు ఇసుక లేని మెత్తని సిమెంటుపూత చాలును. అంతకు మించినచో సన్నగా జల్లించిన ఇసుక కలిసియుండవలెను. ఇసుకరేణువు కుంచించుకొనదు, అది ఎముకవలె లోపల నిలిచి పూతను కుంచించుకొననీయదు. నాపరాళ్ళ నడుమ అరంగుళపు సందును ఒట్టి తెల్లసిమెంటుతో నింపి, అది పగిలినదని వగచువారిని ఎందరినో చూచితిని.

నాలుగవ దోషము లోతు లేకుండుట. సందులోని దుమ్మును, పాతపూతను తీయకయే పైపైన గోరుమందము పూసినచో, అది పండుగనాటికి నిలుచును. పండుగ మరునాటికి పెచ్చులై లేచును.

ఇక రెండవ తెగ. ఇందు మొదటిది పలకయే కదలుట. పలకక్రింద మాలు అంతటను సమముగా పరచక, నాలుగు మూలలను నడుమను అయిదు ముద్దలు పెట్టి పైన పలక నొక్కు అలవాటు కొన్నిచోట్ల కలదు. ముద్దల నడుమ బోలుండును. ఆ బోలుపై అడుగుపడినప్పుడెల్ల పలక కంటికి కానరానంత ఊగును. సందులోని పూత రెండంచులకు తెగును. మరియొక సంగతి. నేడు విట్రిఫైడ్ అని పిలువబడు పలకలు కలవు. ఇవి తమ తూకములో నూటికి అరపాలు నీటినైనను పీల్చవు. పూర్వపు పలకలను నీట నానవేసి, వెనుక సిమెంటుపాలు పూసి పరచినచో అవి మాలును చక్కగా పట్టుకొనెడివి. పీల్చుగుణము లేని ఈ క్రొత్తపలకలను అదేరీతిని పరచినచో పట్టు చిక్కక కొంతకాలమునకు విడిపోవును. వీనికొరకు అంగళ్ళలో ప్రత్యేకమైన జిగురుసిమెంటు దొరకును. దానిని పలక వెనుకతట్టు పూర్తిగా అంటునట్లు పండ్లతాపీతో పరచవలెను.

రెండవది నేలయే క్రుంగుట. గుంటూరు, ప్రకాశము, కర్నూలు సీమలలోని నల్లరేగడి మన్ను వానకు ఉబ్బును, వేసవికి ముడుచుకొని జానెడు నెఱ్ఱెలు విచ్చును. అట్టి మన్నుపై ఇసుకయో గరుసో పోసి దిమ్మిస కొట్టక కాంక్రీటు వేసినచో అది క్రింది మన్నుతోపాటు ఏటేట లేచుచు దిగుచు నుండును. క్రొత్తగా పూడ్చిన గుంటపై కట్టిన నేలకును ఇదే గతి.

మూడవది ఎండ. కాంక్రీటు ఒక్క డిగ్రీ వేడిమి పెరిగినచో తన పొడవులో పదిలక్షలవంతులలో సుమారు 10 వంతులు పెరుగును. ఇది లెక్కకు రానంత స్వల్పమని తోచును. కాని 10 మీటర్ల డాబా, వేకువచలికిని మధ్యాహ్నపుటెండకును నడుమ 30 డిగ్రీల భేదము పొందినచో, 3 మిల్లీమీటర్లు పెరుగును. కాల్చిన మట్టిపలక కాంక్రీటంత పెరుగదు. అనగా పైనున్నదియు క్రిందనున్నదియు ఒకే తాళమున నడువవు. దీనికి తోడు కాల్చిన మట్టిపలక గాలిలోని తేమను పీల్చి సంవత్సరముల తరబడి కొలదికొలదిగా పెరుగు స్వభావము గలది. గోడనుండి గోడవరకు బిగించి పరచిన పలకలు పెరుగుటకు చోటు లేక ఒకదానినొకటి నెట్టుకొనును. ఒకనాటి రాత్రి పెళ్ళున చప్పుడై రెండు పలకలు డేరావలె పైకి లేచును. ఇది దయ్యమనియు, ఇంటికి అరిష్టమనియు భయపడి శాంతులు చేయించిన కుటుంబములను నేనెరుగుదును. అయ్యలారా, ఇది అపశకునము కాదు. గోడ ప్రక్క వేలిమందము చోటు విడువకుండుట వలని ఫలము. శాంతికి పెట్టు ధనమును మేస్త్రికి పెట్టుట మేలు.

నాలుగవది పులుసు. మరుగుదొడ్లను, స్నానపుగదులను కడుగుటకు వాడు యాసిడు సిమెంటును తినివేయును. సిమెంటులోను, గచ్చులోను, నాపరాతిలోను ఉన్నది సున్నపు పదార్థమే. నాపరాయి స్వయముగా సున్నపురాయి. నిమ్మపండురసము, చింతపండుపులుసు పడినచోట దాని మెరుగు పోవుట ఇల్లాండ్రందరు ఎరిగినదే. రసమే అంతచేయగా యాసిడు ఎంతచేయునో ఊహింపుడు. ముందు సందు గరుకుబారును, పిదప పొడిపొడియై గుంటలుపడును.

ఈ కారణములను వేరుపరచి గుర్తించుట ఎట్లు? వైద్యుడు నాడి చూచినట్లు బీటపోకడను చూడవలెను. నేలయంతట సందులలో వెండ్రుకలవంటి సన్నబీటలు అడ్డముగా కానవచ్చినచో అది నీటిపాళ్ళ దోషము, లేక ఎండిపోయిన దోషము. ఒక పలక చుట్టును సందుపూత అంచుననే తెగియుండినచో ఆ పలక కదలుచున్నది. రూపాయిబిళ్ళతో తట్టి చూడుడు. గట్టిగా అంటియున్న పలక కంగుమనును. బోలుపలక నిండని కడవవలె డొల్లగా పలుకును. ఒకే బీట గదికి ఈ కొసనుండి ఆ కొసకు, సందులనక పలకలనక కోసికొని పోయినచో దోషము క్రిందనున్న కాంక్రీటునందో భూమియందో కలదు. గోడమూల పొడవున మాత్రమే తెగినచో అచ్చట కదలికకు చోటు లేదు. పొడిరాలి గుంటలుపడినచో పులుసు పని.

ఒక గ్రామమున భజనమందిరపు నేల ఇట్లే ఏటేట బీటవారుచుండెను. ఏటేట శ్రీరామనవమికి ముందు చందాలు వేసి సందులు నింపించుచుండిరి. ఏటేట ఆ పూత వానకాలము దాటకుండెను. మేస్త్రి సిమెంటును నిందించెను, అమ్మినవాడు మేస్త్రిని నిందించెను, ఊరివారు ఇరువురిని నిందించి రెండుపక్షములైరి. ఆ తగవు తీర్చుటకు పిలువబడిన నలుగురిలో నేనొకడను. మేము మాటలు కట్టిపెట్టి, ఒక పిల్లవానిచేత పలకలన్నిటిని తట్టించి, డొల్లగా పలికినవానిపై సుద్దతో సున్నలు చుట్టించితిమి. సుద్దగురుతులు నేలయంతట చెదరియుండలేదు. ఈశాన్యమూలను ఒక్కచోట గుంపుగా నిలిచినవి. ఊరిలో మిక్కిలి వృద్ధురాలైన ఒక అవ్వ వచ్చి చూచి, "అది పాత దిగుడుబావి పూడ్చిన తావు నాయనా" అనెను. అచ్చటి పలకలు తీయించి చూడగా కాంక్రీటు క్రింద మూరెడు లోతున మన్ను జారి బోలుపడియుండెను. ఆ బోలును గరుసుతో పొరపొరగా తడిపి దిమ్మిస కొట్టించి, కాంక్రీటు వేయించి, నీరు కట్టించి, పలకలు మరల పరపించిరి. మేస్త్రి నిర్దోషియని తేలెను. సిమెంటునందును లోపము లేదని తేలెను. అన్నిటికంటె మేలు, చిరకాలముగా మాటలులేని రెండు ఇండ్లవారు ఆనాడు ఒకే పందిట భోజనము చేసిరి. బీటను పూడ్చుటకు ముందు బీటకు హేతువును వెదకవలెనని చెప్పుటకే దీనిని చెప్పితిని.

ఇక చికిత్సావిధానము. పలక డొల్లగా నుండినచో మొదట దానిని తీసి క్రొత్తగా పరచవలెను. కదలెడి పలక చుట్టు ఎంత విలువైన పూత పూసినను బూడిదలో పోసిన పన్నీరే. పలక గట్టిగా నుండి సందు మాత్రమే చెడినచో ఈ క్రింది క్రమమును అనుసరింపుడు.

మొదట పాతపూతను సన్నని ఉలితోనో, సందుగీకు పనిముట్టుతోనో, పలకమందములో మూడింట రెండువంతుల లోతువరకు తీసివేయవలెను. పనివాడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. సందును కొంచెము తడిపి గీకినచో దుమ్ము లేవదు. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పిదప కుంచెతో సందును శుభ్రముగా ఊడ్చి, నీటితో కడిగి, అడుగున నీరు నిలువకుండ, తడిమాత్రము మిగులునట్లు తుడువవలెను. పొడిసందు పూతలోని నీటిని త్రాగును. నీరు నిలిచిన సందు పూతను పలుచన చేయును.

తరువాత మాలు కలుపుట. సన్నసందునకు ఒట్టి సిమెంటు. 3 మిల్లీమీటర్లు దాటి అరంగుళమువరకు గల సందునకు 1 పాలు సిమెంటునకు 2 పాళ్ళు సన్నని ఇసుక. అంతకు మించిన బండసందునకు 3 పాళ్ళు ఇసుక. ఇసుక ఏటియిసుకయై, మన్నును ఉప్పును లేనిదై యుండవలెను. నీరు కొలదికొలదిగా పోయుచు, గట్టిపెరుగువంటి చిక్కదనము వచ్చినంతనే ఆపవలెను. తాపీపై నిలిపిన ముద్ద జారిపోరాదు. అరగంటలో వాడుకొనగలిగినంతయే కలుపుడు. గట్టిపడనారంభించిన మాలులో మరల నీరుపోసి పలుచన చేయుట పనివారి దురలవాటు. అట్టి మాలు ఎన్నటికిని బలము పుంజుకొనదు. అంగడిలో దొరకు సందుపొడిని వాడినచో సంచిపై వ్రాసిన నీటికొలతను మీరకుండుడు. సిమెంటు చర్మమును తినును గనుక చేతికి తొడుగులుండవలెను.

మాలును రబ్బరుపలకతో సందునకు ఏటవాలుగా నొక్కి, అడుగువరకు దిగునట్లు కూరవలెను. సందు వెంబడి నేరుగా లాగినచో నింపినదే తిరిగి పైకి వచ్చును. కొంతసేపటికి పూత బిగిసిన పిదప, నీరు పిండివేసిన తడిస్పాంజితో పలకలపై మరకలను తుడువవలెను. ఇక్కడ నీరు కారు గుడ్డతో తుడిచినచో అంతవరకు చేసిన జాగ్రత్త అంతయు నీటిపాలగును. తరువాత తడి గోనెపట్టాలు కప్పి, 3 దినములు అవి ఆరకుండ చూడవలెను. పని ఉదయముననో సాయంకాలముననో చేయించుడు. రోహిణికార్తె మధ్యాహ్నమున చేయింపకుడు.

గోడకును నేలకును కలియుచోట, స్తంభముల చుట్టును, ఎండ తగులు డాబాలమీద 8 నుండి 12 అడుగులకొకచోట, ఇంటిలోపల 20 నుండి 25 అడుగులకొకచోట, సిమెంటుతో కాక సాగెడి ద్రవ్యముతో సందు నింపవలెను. అంగళ్ళలో సిలికోన్ అను పేర దొరకునది అట్టిది. అది రబ్బరువలె సాగి మరల యథాస్థితికి వచ్చును. వ్యాకరణము చదివిన పెద్దలకు ఒక్కమాటలో చెప్పెదను. సంధి పొసగని రెండచ్చుల నడుమ యకారము ఆగమమై వచ్చి, రెండిటిని చెడనీయక నిలుపును. గోడకును నేలకును గట్టిసంధి పొసగదు. వాని నడకలు వేరు. నడుమ ఈ సాగెడి పూత యడాగమమువలె నిలిచినచో రెండును క్షేమముగా నుండును.

స్నానపుగదులలో ఈ జాగ్రత్త మరింత అవసరము. అచ్చటి సందుబీటనుండి దిగిన నీరు క్రింది కాంక్రీటులోని ఇనుపచువ్వలకు చేరును. ఇనుము త్రుప్పుపట్టినపుడు ఉబ్బును; ఉబ్బి కాంక్రీటును లోపలినుండి చీల్చును. ఇంటి పైకప్పునుండి పెచ్చులూడి పడుటకు మొదలు ఒక్కొక్కచో పైయంతస్తు స్నానపుగదిలోని చిన్నబీటయే. అట్టిచోట ఎపాక్సీ అను రెండు ద్రవ్యములు కలిపిన జిగురుపూత వాడుదురు. వెల అధికము; కాని నీటిని పీల్చదు, సామాన్యమైన పులుసునకు లొంగదు. అయినను కదలెడి పలకను అదియు నిలుపలేదు. నీరు పోవుటకు తూమువైపు వాటము సరిగా నున్నదో లేదో ముందే చూచుకొనుడు.

ముగించుటకు ముందు ఒక ముఖ్యవిషయము మనవిచేయవలెను. మన గ్రామములలోని ప్రాచీన దేవాలయ మండపముల రాతినేలలకును, గచ్చుగోడలకును పైన చెప్పిన సిమెంటువిధి వర్తింపదు. ఆ కట్టడములు సున్నముతో కట్టినవి. సున్నపుపూత రాతికంటె మెత్తన. గోడలోని తేమ దానిగుండ వెలికి వచ్చి ఆరిపోవును. అచ్చట సిమెంటు కూరినచో తేమకు ఆ దారి మూయబడును. అది రాతిగుండ దారి చేసికొని, తనతో తెచ్చిన ఉప్పును రాతిపొరలలో విడిచిపోవును. ఆ ఉప్పు గడ్డకట్టి రాతిపై పొరలను పెచ్చులుగా ఊడ్చును. బీట పూడ్చబోయి శిల్పమును పోగొట్టుకొనినట్లగును. సందు చెడినచో మరల పూయవచ్చును. శిల్పము పోయినచో మరల రాదు. కావున అట్టిచోట గానుగలో నూరిన సున్నమే వాడవలెను. 1 పాలు సున్నమునకు 2 లేక 3 పాళ్ళు ఇసుకయు ఇటుకపొడియు కలుపుట వాడుక. ఇటుకపొడి కలిసిన సున్నము తడిచోటను గట్టిపడును. కరక్కాయ నానిన నీటిని, బెల్లపునీటిని కలుపుట మన తాపీవారి ప్రాచీన సంప్రదాయము.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. క్రీస్తుశకము 6వ శతాబ్దమునందలి వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు వజ్రలేపమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించెను. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగుపూవులు మొదలగువానిని నీట వేసి, ఎనిమిదవవంతు మిగులువరకు కాచి, ఆ కషాయమున గుగ్గిలము మొదలగు బంకలను నూరి కలిపి, దేవాలయములకు, ప్రతిమలకు, గోడలకు, బావులకు పూయవలెనని అందు విధించెను. నేడు దానిని అట్లే చేయుడని నేను చెప్పుట లేదు. ఏ తావునకు ఏ లేపమో విచారించి ఎంచుకొను బుద్ధి మన పెద్దలకు కలదని చెప్పుచున్నాను. కేంద్రప్రభుత్వ రక్షణలోనున్న ప్రాచీన కట్టడములకు 1958 నాటి చట్టము కలదు. పురావస్తుశాఖవారి అనుమతి లేనిదే అట్టివానియందు ఎవరును తాపీ పెట్టరాదు. తక్కిన పాతగుడులయందైనను, పనికి ముందు దేవాదాయశాఖవారిని, సున్నపుపని తెలిసిన మేస్త్రిని విచారించుట పెద్దల విధి.

గ్రామమున పాఠశాల, భజనమందిరము, సత్రము, ఏది కట్టినను సభలో ముందు కూర్చుండువారు మీరే. పలకల రంగును గూర్చి అందరును అడుగుదురు. మీరు మాత్రము మేస్త్రిని నాలుగు ప్రశ్నలు అడుగుడు. క్రింది మన్ను దిమ్మిస కొట్టితివా? పలకక్రింద మాలు నిండుగా పరచితివా? గోడప్రక్క చోటు విడిచితివా? సందులు నింపిన పిదప మూడుదినములు తడి నిలిపెదవా? ఈ నాలుగింటికి అవునను సమాధానము వచ్చినచో ఊరి సొమ్ము నేలపాలు కాదు. సంవత్సరమునకొకమారు, ఉగాదికి ఇల్లు కడుగునపుడు, ఒక బిళ్ళతో నేలను తట్టి చూచి, చెడిన సందును చిన్నదిగా నుండగనే బాగుచేయించుడు.